స్వర్ణలత మూడో గొంతు

మోత్కూర్ నుంచి నల్లగొండ పోయే మొదటి పల్లెవెలుగు బస్సు పొద్దున ఆరూ పదికి కదులుతుంది. ఆ బస్సు కోసం ఊళ్లో ఎవరూ గడియారం చూసేవాళ్లు కాదు. కండక్టర్ స్వర్ణలత పిలుపు వినేవాళ్లు. ఆమె ఫుట్‌బోర్డు మీద నిలబడి "శాలిగౌరారం, నకిరేకల్, నల్లగొండా!" అని ఒక్క ఊపిరిలో అంటే బస్టాండు వెనక వీధిలో పళ్లు తోముకుంటున్నవాళ్లు నోరు పుక్కిలించేవాళ్లు. రెండోసారి అంటే చెప్పులు వేసుకునేవాళ్లు. మూడోసారి అనాల్సిన అవసరం పన్నెండేళ్ల ఉద్యోగంలో నాలుగైదు సార్లకు మించి రాలేదు.

అంత గొంతు ఆమెకు పుట్టుకతో వచ్చిందేమీ కాదు. ఆమె పుట్టిల్లు పద్మశాలీల ఇల్లు. ఒకే పంచలో నాలుగు మగ్గాలు ఆడేవి. ఆ చప్పుడులో అన్నం కావాలన్నా అరవాలి, చాలన్నా అరవాలి. పెళ్లయి వచ్చిన ఇంట్లో మగ్గం ఒక్కటే. కానీ అప్పటికే అలవాటు స్థిరపడిపోయింది. భర్త రాంచందర్ గుంట మగ్గం మీద చీరలు నేస్తాడు. రోజుకు పాతిక మాటలు మాట్లాడితే ఆ రోజు ఏదో విశేషం జరిగినట్టే. అత్త యాదమ్మ నలభై ఏళ్లు మగ్గం పక్కన కూర్చుని నూలు కండెలు చుట్టింది. ఆమె చెవులు సగం మొద్దుబారాయి. అందువల్ల ఆ ఇంటికి స్వర్ణలత గొంతు సరిగ్గా సరిపోయింది. మాట్లాడే పని ఆమెది, నేసే పని ఆయనది. వినే పని ఎవరికీ కేటాయించలేదు.

2023 వానాకాలంలో ఆమె మెడ ముందు నిమ్మకాయంత గడ్డ తేలింది. థైరాయిడ్ గడ్డ అన్నారు. పరీక్షలు చేసి భయపడాల్సింది కాదని, కానీ తీసెయ్యడం మంచిదని చెప్పారు. నగరంలో ఒక ప్రైవేటు దవాఖానలో తీసేశారు. గడ్డ పోయింది. మరునాడు పొద్దున నర్సు వచ్చి, "ఎట్లున్నదమ్మా?" అని అడిగింది. స్వర్ణలత "బాగున్నది" అంది. ఆ మాట నర్సుకు వినిపించలేదు. స్వర్ణలతకు కూడా వినిపించలేదు.

గొంతులోంచి గాలి వచ్చింది, అంతే. సైకిల్ ట్యూబుకు ముల్లు దిగినప్పుడు వచ్చే చప్పుడు లాంటిది. మంచినీళ్లు తాగితే సగం కడుపులోకి, కొంత ఊపిరి దారిలోకి పోయి ఉక్కిరిబిక్కిరి చేశాయి. దగ్గుదామంటే దగ్గు కూడా గట్టిగా రాలేదు.

డాక్టరు వచ్చి చూశాడు. గడ్డ గొంతు నరానికి అతుక్కుని ఉండిందని, విడదీసేటప్పుడు ఎంత జాగ్రత్తగా ఉన్నా ఒక్కోసారి ఇట్లా అవుతుందని, మూడు నెలల్లో దానంతట అదే వస్తుందని చెప్పాడు. మూడు నెలలకు పోతే ఆరు నెలలు చూద్దామన్నాడు. ఆరు నెలలకు పోతే ఇంకో మూడు నెలలు ఓపిక పట్టమన్నాడు. ఆయన గొంతు మాత్రం చాలా స్పష్టంగా ఉండేదని స్వర్ణలత గమనించింది.

ఇంట్లో ఈ సంగతి మొదట సరిగ్గా అర్థం కానిది యాదమ్మకు. కోడలు పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు. వారం రోజులు చూసి ఆమె పక్కింటికి పోయి, "మా కోడలు నా మీద అలిగింది. నోట్లె నోట్లె తిడుతాంది" అని చెప్పింది. కాలేజీ నుంచి వచ్చిన మనవరాలు హారిక అవ్వ చెవి దగ్గర నోరు పెట్టి అసలు సంగతి చెప్పింది. యాదమ్మ కాసేపు ఆలోచించి వంటింట్లోకి పోయింది. ఆ రోజు నుంచి శొంఠి, మిరియాలు, అల్లం, వాము, ఇంట్లో నాలుకకు మంట పుట్టించేవన్నీ వంతులవారీగా కోడలి గొంతులోకి దిగాయి. మంట పుట్టింది. మాట పుట్టలేదు.

 రాంచందర్ మాత్రం భార్య పెదవులు కదిలినప్పుడల్లా పోగును దగ్గరికి కొట్టే పలక మీదినుంచి చెయ్యి తీసి మగ్గం ఆపేవాడు. ఆమె చెప్పింది వినేవాడు. వినపడకపోతే గుంటలోంచి లేచి దగ్గరికి వచ్చేవాడు. ఇరవై ఏళ్ల కాపురంలో ఆమె మాట కోసం ఆయన మగ్గం దిగడం అదే మొదలు. నెల తిరిగేసరికి ఇవ్వాల్సిన చీర ఒకటి తొమ్మిది రోజులు ఆలస్యమైంది. షావుకారు కారణం అడిగితే రాంచందర్, "ఇంట్ల మాట్లాడుకునుడు ఎక్కువైంది" అన్నాడు.

సెలవులు అయిపోయాక స్వర్ణలత మళ్లీ డ్యూటీ ఎక్కింది. డ్రైవరు మైసయ్య ఆమెకంటే పదేళ్లు పెద్ద, ఆ రూటులో పాతవాడు.

"విజిల్ ఉన్నది గదా చెల్లె. ఒకటి ఊదితె ఆపుత, రెండు ఊదితె పోత. మనకు మాటల్తోని ఏం పని?" అన్నాడు.

డిసెంబరులో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చింది. యాభై మంది ఎక్కే బస్సులో తొంభై మంది ఎక్కసాగారు. అందులో డెబ్బై మంది ఆధార్ కార్డులు చూపించి జీరో టికెట్ తీసుకోవాలి. గొంతున్న కండక్టర్లకే గొంతు పోయిన రోజులవి. స్వర్ణలత మాత్రం జనం మధ్య ఇరుక్కుని, ఒక్కొక్కరి చెవి దగ్గరికి వంగి, "ఏడికి?" అని గాలితో అడిగేది.

అప్పుడు ఎవరూ అనుకోనిది ఒకటి జరిగింది. ఆమె గుసగుసగా అడిగితే వాళ్లు కూడా గుసగుసగానే జవాబు చెప్పేవాళ్లు. "నకిరేకల్," అని రహస్యంగా చెవిలో చెప్పి అటూ ఇటూ చూసేవాళ్లు. పక్కవాళ్లు అది చూసి తామూ గొంతు తగ్గించేవాళ్లు. శాలిగౌరారం వచ్చేసరికి బస్సు బస్సంతా గుసగుసలాడేది. ఒకరోజు మధ్యలో ఎక్కిన ముసలామె నలుగురి ముఖాలు చూసి, "ఎవలు పోయిన్రు బిడ్డా?" అని అడిగి కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుంది. ఎవరూ పోలేదని నమ్మించడానికి రెండు స్టేజీలు పట్టింది.

చూసేవాళ్లకు ఇది నవ్వులాట. స్వర్ణలతకు మాత్రం నాలుగు మాటలకు ఊపిరి అయిపోయేది. "శాలిగౌరారం" అని ఒక ఊపిరి, "నకిరేకల్" అని ఇంకో ఊపిరి. "నల్లగొండ" అనేసరికి బస్సు బస్టాండు దాటేది. సాయంత్రానికి పక్కటెముకలు నొప్పి. చాయ్ తాగాలంటే గడ్డం రొమ్ముకు ఆనించి గుక్క గుక్కగా మింగాలి. ఎవరైనా "ఇంక తగ్గలేదా?" అని అడిగితే తల ఊపేది. అదైతే ఊపిరి ఖర్చు లేదు.

మే నెలలో ఒక మధ్యాహ్నం శాలిగౌరారం దాటాక ఒక స్టేజీలో లచ్చయ్య అనే ముసలాయన దిగాడు. అందరూ దిగారని చూసి స్వర్ణలత రెండు విజిళ్లు ఊదింది. బస్సు కదిలింది. లచ్చయ్యకు సీటు కింద పెట్టిన మామిడికాయల సంచి అప్పుడు గుర్తుకొచ్చింది. వెనక్కి తిరిగి తలుపు దగ్గరి కడ్డీ పట్టుకున్నాడు. ఒక కాలు మెట్టు మీద పడింది, ఇంకోటి పడలేదు. బస్సుతో పాటు ఆ కాలు రోడ్డు మీద ఈడ్చుకుపోసాగింది.

స్వర్ణలత విజిల్ కోసం చెయ్యి వేసింది. దారం టికెట్ మిషన్ పట్టీకి చిక్కుకుని ఉంది. "ఆపు!" అని అరిచింది. ప్రాణం అంతా పెట్టి అరిచింది. గాలి వచ్చింది. ఎదురుగా రెండో సీటులో కూర్చున్నామె కూడా తల తిప్పలేదు. ఇంకోసారి అరిచింది. మళ్లీ గాలే. అప్పుడు చేతిలో ఉన్న టికెట్ మిషన్‌తో కిటికీ అద్దాన్ని బలం కొద్దీ కొట్టింది. అద్దం పగిలింది. ఆ చప్పుడుకు మైసయ్య బ్రేకు తొక్కాడు.

లచ్చయ్య మోకాలు దోక్కుపోయింది. పంచె చిరిగింది. ఎముకలకేమీ కాలేదు. ఆయన రోడ్డు పక్కన కూర్చుని రక్తం తుడుచుకుంటూ, "నాకేం గాలే బిడ్డా, ఫికర్ జెయ్యకు. నా సంచి జర అందియ్యి" అన్నాడు. స్వర్ణలత సంచి తెచ్చి ఇచ్చింది. ఆయన పక్కనే మట్టిలో కూలబడి ఏడ్చింది. గొంతు పోయాక ఆమె ఏడవడం అదే మొదటిసారి. ఏడుపుకు కూడా చప్పుడు లేకపోవడం వల్ల, ఆమె ఏడుస్తున్నదని మైసయ్యకు ముందుకు వచ్చి ముఖం చూసేదాకా తెలియలేదు.

డిపోలో ప్రమాదం కాగితం నింపాలి. "కారణం" అన్నచోట ఆమె ఇలా రాసింది: "కండక్టర్ అరవలేకపోవడం వల్ల." మేనేజరు అది రెండుసార్లు చదివాడు.

"ఇట్ల ఎవరూ రాయరమ్మా. ప్రయాణికుడు కదిలే బస్సు ఎక్కబోయిండని రాయి. అది గూడ నిజమే గదా," అన్నాడు.

ఆమె కాగితం వెనక్కి తీసుకోలేదు. పెన్ను కూడా తీసుకోలేదు. ఆయన కాసేపు ఆ కాగితాన్ని చూసి, సెలవు చీటీ ఒకటి ఆమె ముందుకు జరిపాడు.

"మంచి దవాఖానల చూపించుకొని రా. నీ బస్సు నీకే ఉంటది," అన్నాడు.

హారిక రెండు రోజులు ఫోనులో వెతికింది. నగరంలో చెవి, ముక్కు, గొంతులకు వేరే సర్కారు దవాఖాన ఉందని, అక్కడ గొంతు పోయినవాళ్లకు ప్రత్యేకంగా ఒక డాక్టరమ్మ ఉందని కనిపెట్టింది. తల్లిని వెంటబెట్టుకుని పోయింది. వరసలో రెండు గంటలు నిలబడ్డాక వాళ్ల వంతు వచ్చింది.

డాక్టర్ సుమనది కోస్గి దగ్గర పల్లె. నలభై దాటిన మనిషి. ముఖంలో నవ్వు తక్కువ. కాగితాలన్నీ చూసి పక్కన పెట్టింది.

"కాగితాలు నిరుడివి. గొంతు ఇయ్యాల్టిది చూస్త," అంది.

ముక్కులో మందు చల్లి, సన్నని గొట్టం ఒకటి లోపలికి పంపింది. దాని కొస మీదే కెమెరా ఉందట. చూస్తే పప్పుగింజంత కూడా లేదు. ఎదురుగా గోడకు పెద్ద టీవీ.

"కండ్లు మూసుకోకుండ్రి. చూడుండ్రి. మీదే అది," అంది డాక్టర్ సుమన.

స్వర్ణలత చూసింది. నలభై ఒక్క ఏళ్లు తనతో ఉండి, తాను ఒక్కసారి కూడా చూడనిది టీవీలో కనపడింది. ఎర్రటి గుహ, మధ్యలో రెండు తెల్లటి మడతలు.

"ఈ... అనుండ్రి."

ఆమె "ఈ" అంది. కుడి మడత చురుగ్గా మధ్యకు వచ్చింది. ఎడమది రాలేదు. ఉన్నచోటే ఉంది. పల్లెవెలుగు బస్సుకు రెండు రెక్కల తలుపు ఉండి, ఒక రెక్క బిగుసుకుపోతే ఎట్లా ఉంటుందో అట్లా ఉంది. ఒక రెక్క వచ్చి, రెండోది లేక, ఖాళీని తాకి వెనక్కి పోతోంది. ఆ ఖాళీలోంచే ఊపిరంతా పోతోంది.

డాక్టర్ ఏదో మీట నొక్కింది. వెలుగు టపటపా కొట్టుకోవడం మొదలైంది. టీవీలో మడత అంచు నీళ్ల మీద గుడ్డలా మెల్లగా అలలు పోయింది.

"గొంతు సెకనుకు రెండొందల సార్లు కొట్టుకుంటది. మన కండ్లకు అందది. గీ లైటు దాన్ని నిదానం చేసి చూపిస్తది. గిదివరకు పాత గొట్టంతోని చూస్తె ఒకటి కదులుతలేదు అని మాత్రమే తెలిసేది. ఇప్పుడు ఎంత సందున్నదో, మడత ఎంత కిందికి జారిందో, ఎంత సన్నబడ్డదో అన్నీ కనపడుతున్నయి. దర్జీకి కొలతలు దొరికినట్టు."

"పాత గొంతు వస్తదా మేడం?" అని హారిక తల్లి తరఫున అడిగింది.

"రాదు," అంది డాక్టర్ సుమన.

 తొమ్మిది నెలల్లో స్వర్ణలతకు "రాదు" అని చెప్పిన మొదటి డాక్టరు ఈమే. ఎందుకోగాని ఆ మాట వినగానే ఆమెకు ప్రాణం తెరిపిన పడ్డట్టయింది. రాని బస్సు కోసం నిలబడ్డవాళ్లకు అది రద్దయిందని ఎవరైనా చెబితే ఎంత మేలో ఆమెకు తెలుసు.

"నరం తిరిగొచ్చేదుంటే ఈపాటికి కొంచెమన్న కదిలేది. అది కదలదు. నేను దాన్ని కదిలియ్యలేను. కానీ దాన్ని పక్కకెల్లి నూకి మధ్యల నిలబెట్టగల్గుత. కదిలేది వచ్చి దాన్ని తాకుతది. తాకితె మాట వస్తది. ఏదో ఒక గొంతు వస్తది. మీ పాతది మాత్రం కాదు," అని డాక్టర్ వివరించింది. మెడ మీద చిన్న కోత పెట్టి, స్వరపేటిక మెత్తటి ఎముకలో గోరంత కిటికీ తెరిచి, అందులోంచి చింతగింజలో సగం ఉండే సిలికాన్ ముక్క దూర్చుతారట. ముక్క ఎంత మందం ఉండాలో అప్పటికప్పుడే తేల్చాలట.

"మత్తు ఇయ్యరా?" అని స్వర్ణలత గాలితో అడిగింది.

"కోసే జాగాకు మాత్రమే ఇస్త. మీరు మెలకువతోని ఉండాలె. మీరు నిద్రపోతే ముక్క సరిగ్గ కూసున్నదో లేదో నాకెట్ల తెలుస్తది? మీరు మాట్లాడుతుంటె నేను చెక్కుత."

జూలైలో ఒక మంగళవారం ఆపరేషన్ పెట్టారు. యాదమ్మ మంగళవారం వద్దంది. దవాఖానలో ఖాళీ ఆ రోజే ఉందని హారిక చెబితే, "మరి దవాఖానోళ్లకు పంచాంగం లేదా?" అని అడిగి ఊరుకుంది.

ఆపరేషన్ గదిలో స్వర్ణలత వెల్లకిలా పడుకుంది. మెడకు వరుసగా సూదులు పొడిచారు. కాసేపటికి మెడ తనది కానట్టయింది. ముక్కులోంచి కెమెరా గొట్టం దించి ఒక కుర్ర డాక్టరు పట్టుకుని నిలబడ్డాడు. పై నుంచి ఇంకో కెమెరా, పెద్ద ఇనుప చెయ్యి మీద, ఆమె మెడ మీదికి వంగింది. డాక్టర్ సుమన, ఆమె పక్కనున్నవాళ్లు అందరూ నల్లద్దాలు పెట్టుకున్నారు. ఆ అద్దాల్లోంచి చూస్తే టీవీలో బొమ్మ లోతుగా, చెయ్యి పెడితే అందేట్టు కనపడుతుందట. గదిలో ఆరుగురున్నారు. ఆరుగురూ టీవీ వైపే చూస్తున్నారు. ఒక్కరు కూడా ఆమె వైపు చూడటం లేదు. కోసేది ఆమెను, చూసేది టీవీని. ఇది ఆమెకు కొంచెం వింతగా తోచింది గాని, మెడలో చేతులు పెట్టినవాళ్లతో వాదన పెట్టుకోవడం మంచిది కాదని ఊరుకుంది.

ఏదో గీకుతున్న చప్పుడు ఎముకల్లోంచి వినిపించింది. నొప్పి లేదు. ఒత్తిడి మాత్రం ఉంది. చాలాసేపటికి డాక్టర్ సుమన, "కిటికీ అయింది. ఇగ మొదటి ముక్క పెడుతున్న. ఏమన్న మాట్లాడుండ్రి" అంది.

"ఏం మాట్లాడాలె?" అంది స్వర్ణలత.

ఆ రెండు మాటలూ గదిలో వినిపించాయి. సన్నగా, చిరిగిన బట్టలోంచి గాలి కొట్టినట్టుగానే, కానీ వినిపించాయి. పదకొండు నెలల తర్వాత తన మాట తన చెవిన పడేసరికి ఆమె రెండు కణతల మీదుగా కన్నీళ్లు చెవుల్లోకి జారాయి. నర్సు దూదితో తుడిచింది.

"సందు ఇంకా ఉన్నది," అని డాక్టర్ సుమన టీవీకి చెప్పింది. "జర మందం పెంచుదాం. మీరు రోజూ బస్సుల ఏమంటరో అది అనుండ్రి."

రెండో ముక్క పెట్టారు. స్వర్ణలత, "శాలిగౌరారం, నకిరేకల్, నల్లగొండ," అంది.

ఈసారి మాట గట్టిగా వచ్చింది. బిగుతుగా, కీచుగా, కొసకు ఒక విరుపుతో వచ్చింది. కుర్ర డాక్టరు, "సందు పూర్తిగ మూసుకున్నది మేడం," అన్నాడు సంతోషంగా. స్వర్ణలతకు సంతోషం కలగలేదు. ఆ గొంతు ఎక్కడో విన్నట్టుంది. ఇంకో రెండు మాటలు అని చూసుకుంది. పోల్చుకుంది.

"మేడం, గిది వద్దు," అంది.

"ఎందుకు? మంచిగనే ఉన్నది గదా?"

"గిది మా అత్త గొంతు."

నర్సు చెయ్యి ఆగింది. డాక్టర్ సుమన నల్లద్దాలు తీయలేదు గాని, మొదటిసారి టీవీ వదిలి ఆమె ముఖం వైపు చూసింది.

"అత్తమ్మ గొంతు బాగుండదా?"

"బాగనే ఉంటది మేడం. కానీ ఇంట్ల ఇద్దరికి ఒకే గొంతుంటె మా ఆయనకు తెలుస్తదా?"

"సరే. ముక్క ఎక్కువైంది. మడత బిగుసుకున్నది. చెక్కుదాం," అంది డాక్టర్. ఇందులో నవ్వాల్సిందేమీ లేనట్టే ముక్కను బయటికి తీసి, చిన్న కత్తితో అంచు గీసింది. మళ్లీ పెట్టి చూసింది. మళ్లీ తీసింది. కొంచెం కిందికి జరిపింది. ముక్క జరిగినప్పుడల్లా ఒక కొత్త ఆడమనిషి స్వర్ణలత నోట్లోంచి "ఈ" అని పలికి పోయింది. ఒకామెకు జలుబు చేసినట్టుంది. ఒకామె బడిలో ఎక్కాలు చెప్పే పిల్లలా ఉంది.

చివరికి డాక్టర్ చెయ్యి నిలిచింది. "ఇప్పుడు చెప్పుండ్రి. ఏదన్న మీకు కావాల్సిన మాట."

స్వర్ణలత ఊపిరి తీసుకుంది.

"ఆపు!" అంది.

గదిలో చేతులన్నీ ఆగిపోయాయి. కుర్ర డాక్టరు గొట్టం పట్టుకుని బిగుసుకుపోయాడు.

"నొప్పి లేసిందా?" అని డాక్టర్ సుమన అడిగింది.

"లేదు మేడం. గా మాట వస్తదా రాదా అని చూసిన."

"వచ్చింది," అంది డాక్టర్.

ఆ గొంతు పాతది కాదు. పాతదానికంటే లోతుగా, కొంచెం గరుకుగా, తొందర లేకుండా ఉంది. ఎవరిదో తెలియదు. తెలిసినవాళ్లెవరిదీ కాదు. స్వర్ణలత ఇంకో నాలుగు మాటలు మాట్లాడి, బజారులో చెప్పులు తొడుక్కుని నాలుగడుగులు నడిచి చూసుకున్నట్టు చూసుకుంది.

"గిది ఉండనియ్యుండ్రి," అంది.

కుట్లు వేశారు. వాపు తగ్గేదాకా ఐదు రోజులు ఒక్క మాట కూడా మాట్లాడొద్దన్నారు. గొంతు లేని పదకొండు నెలలు ఎట్లాగో గడిచాయి. గొంతు ఉండి మూసుకోవాల్సిన ఐదు రోజులు మాత్రం ఆమెకు గడవలేదు. హారిక పాత పలక ఒకటి తెచ్చిచ్చింది. స్వర్ణలత దాని మీద ముందు "ఉప్పు తక్కువ" అని రాసింది. తర్వాత కూడా ఎక్కువసార్లు అదే రాసింది.

ఆరో రోజు కట్టు విప్పి చూసి, ఇక మెల్లగా మాట్లాడొచ్చని, ఇంటికి పోవచ్చని చెప్పారు. వార్డులో మంచం పక్కన రాంచందర్ తలొంచుకుని టిఫిన్ డబ్బా మూత బిగిస్తున్నాడు.

"తిన్నవా?" అంది స్వర్ణలత.

రాంచందర్ తలెత్తి పక్క మంచం వైపు చూశాడు. ఆ మంచం మీదామె నిద్రపోతోంది. తలుపు వైపు చూశాడు. అక్కడ ఎవరూ లేరు. అప్పుడు భార్య వైపు తిరిగాడు.

"తిన్న," అన్నాడు. కొంచెం ఆగి, "నువ్వేనా?" అని అడిగాడు.

"నేనే."

"ఇంకోపారి అను."

"తిన్నవా అంటున్న."

ఆయన మూత బిగించిన డబ్బా మళ్లీ విప్పి, మళ్లీ బిగించాడు.  బస్సులో మోత్కూర్ పోయేదాకా ఆమెతో ఏదో ఒకటి అడిగిస్తూనే ఉన్నాడు. నీళ్లు కావాలా అని తాను అడగడు. నీళ్ల సీసా చేతిలో పట్టుకుని, ఆమె అడిగేదాకా చూస్తాడు.

తర్వాత రెండు నెలలు గొంతుకు కసరత్తు. గ్లాసు నీళ్లలో స్ట్రా పెట్టి బుడగలు ఊదుతూ "ఊ" అనాలి. మెడ బిగించకుండా పొట్టలోంచి గాలి తేవాలి. యాదమ్మ అది చూసి, "నలభై ఏండ్లు దాటినంక నీళ్లాట మొదలువెట్టింది," అంది. స్వర్ణలత బుడగలు ఆపి, "డాక్టర్ చెప్పింది అత్తమ్మా," అని జవాబిచ్చింది. యాదమ్మకు వినపడింది. ఒక్కసారికే వినపడింది. లోతు గొంతు ఆమె చెవికి సన్న గొంతుకంటే బాగా అందుతుందని ఆ ఇంట్లో అప్పుడే తేలింది. దాంతో అత్తాకోడళ్ల మధ్య ఇరవై ఏళ్లుగా వినపడక ఆగిపోయిన చిన్న చిన్న తగాదాలు కొన్ని కొత్తగా మొదలయ్యాయి.

అక్టోబరులో ఫిట్‌నెస్ కాగితం ఇచ్చారు. అందులో ఒక షరతు ఉంది: మాట్లాడొచ్చు, అవసరమైతే అరవొచ్చు, రోజంతా అరవకూడదు. మేనేజరు ఆలోచించి, బడిలో టీచర్లు పెట్టుకునే చిన్న మైకు ఒకటి, నడుముకు కట్టుకునే స్పీకరుతో సహా, పెట్టుకోనిచ్చాడు. మొదటి రోజు నకిరేకల్ బస్టాండులో ఇద్దరు ముగ్గురు, ఆమె తలనొప్పి నూనె అమ్మడానికి ఎక్కిందనుకుని ముఖం తిప్పుకున్నారు. ఒకాయన మాత్రం చెయ్యి చాపి ఒక సీసా ఇవ్వమన్నాడు. ఆమె టికెట్ ఇచ్చింది.

పాత ప్రయాణికులకు కొత్త గొంతు అలవాటు కావడానికి రెండు వారాలు పట్టింది. "పాత కండక్టర్ ఏమైంది?" అని ఆమెనే అడిగినవాళ్లున్నారు. మొదట్లో ఆమె గడ్డ సంగతి, నరం సంగతి, ముక్క సంగతి అంతా చెప్పేది. తర్వాత అంత కథకు బస్సు ప్రయాణం సరిపోవడం లేదని, "ట్రాన్స్‌ఫర్ అయింది," అని చెప్పడం మొదలుపెట్టింది.

ఆరు నెలలయ్యాక మళ్లీ చూపించుకోవడానికి పోయినప్పుడు డాక్టర్ సుమన మళ్లీ టీవీలో చూపించింది. ఎడమ మడత అట్లాగే ఉంది, కదలకుండా. కానీ మధ్యలో ఉంది. కుడి మడత వచ్చి దానికి ఆనుతోంది. టపటప వెలుగులో రెండు అంచులూ కలిసి అల పోతున్నాయి. ఆ వీడియో డాక్టర్ల మీటింగులో చూపించుకోవచ్చా అని డాక్టర్ అడిగింది. స్వర్ణలత సంతకం పెట్టి, తనకూ ఒక కాపీ కావాలంది. ఫోనులో వేసి ఇచ్చారు.

మరునాడు పొద్దెక్కాక, వాకిట్లో ఎండలో కూర్చున్న యాదమ్మకు ఆ వీడియో చూపించింది. యాదమ్మ ఫోనును దగ్గరికి, దూరానికి జరిపి మూడుసార్లు చూసింది.

"గింత మాత్రం జాగలకెల్లేనా నీ మాటలన్ని వచ్చేది?" అంది.

"గింతే అత్తమ్మా."

"మరి నాది గూడ గిట్లనే ఉంటదా?"

"అందరియి గిట్లనే ఉంటయట."

యాదమ్మ చెయ్యి తన మెడ మీదికి పోయింది. ఒకటి రెండు సార్లు తడుముకుని చూసుకుంది. తర్వాత ఫోను చెవికి ఆనించుకుని కాసేపు విని, "ఇందుల మాటలేవి?" అని అడిగింది.

"మాటలు ఎక్కియ్యలేదట. బొమ్మలే."

"గంత పెద్ద దవాఖాన, గంత పెద్ద టీవీ, మాటలు ఎక్కియ్యరాదా?" అంది యాదమ్మ అసంతృప్తిగా, ఫోను తిరిగి ఇచ్చేస్తూ.

స్వర్ణలత ఈసారి పోయినప్పుడు అడుగుతానని చెప్పి లోపలికి పోయింది. ఆ రోజు ఆమెది మధ్యాహ్నం డ్యూటీ. ఖాకీ కోటు తొడుక్కుని, మైకు చార్జింగ్ ఎంత ఉందో చూసుకుని, రాంచందర్‌కు అన్నం ఎక్కడుందో చెప్పి బయలుదేరింది.